ఖాళీ చేయమని కేసు పడ్డాక అద్దె కట్టాలా, అడ్వాన్సులో కట్ చేసుకోమనాలా?

కొత్తకిరాయిదారు:
హైదరాబాద్‌లో ఓనరు ఖాళీ చేయించాలని కోర్టుకెక్కాడు. మూడు నెలల అడ్వాన్సు అతని దగ్గరే ఉంది. అద్దె ఆపేసి అందులో కట్ చేసుకోమంటే తప్పా?

మూసీఒడ్డు:
తప్పే. అయితే ముందు సమన్లు ఏ చట్టం కింద వచ్చాయో చూడండి. 2005 సవరణ తర్వాత, కార్పొరేషన్ పరిధిలో అద్దె నెలకు 3,500 దాటినా, బిల్డింగు కట్టి 15 ఏళ్లు నిండకపోయినా 1960 నాటి రెంట్ కంట్రోల్ చట్టం వర్తించదు. నగరంలో చాలా ఫ్లాట్లు ఈ లెక్కనే ఆ చట్టం పరిధిలోకి రావు. వాటికి సివిల్ దావా వేస్తారు. నెలవారీ అద్దె అయితే ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ కింద 15 రోజుల నోటీసు చాలు, కారణం చెప్పక్కర్లేదు. రెంట్ కంట్రోల్లో మాత్రం ఓనరు కారణం రుజువు చేయాలి. అద్దె ఆపితే ఆ కారణం మీరే చేతికిచ్చినట్టు. పైగా 11వ సెక్షన్ ఉంది: పాత బకాయితోపాటు కేసు నడిచినన్నాళ్లూ అద్దె కడుతూ ఉండాలి. సరైన కారణం లేకుండా ఆపితే మీ వాదన వినకుండానే ఖాళీ చేయమని ఆర్డరిస్తారు.

వకాల్తానామా:
అంత ఖాయంగా చెప్పకండి. అదే చట్టం 7వ సెక్షన్ ఒక నెల అద్దెకు మించి అడ్వాన్సు తీసుకోవద్దంటుంది. మిగతా రెండు నెలల డబ్బు ఓనరు దగ్గరుండగా బకాయి ఎక్కడిది? ఇలాంటి సెక్షనే ఉన్న తమిళనాడు చట్టం మీద 1996లో సుప్రీంకోర్టు మిగులు అడ్వాన్సును బకాయికి సర్దుకోవచ్చంది.

మూసీఒడ్డు:
వాదన బాగుంది వకీలు గారూ, కానీ 3,500 పైన కట్టేవాళ్లకు ఆ 7వ సెక్షనే లేదు కదా. అగ్రిమెంటులో అడ్వాన్సు ఖాళీ చేశాకే వాపసని రాసి ఉంటే ఇంకా చిక్కు. ఉన్నవాళ్లకైనా ఆ రెండు నెలలూ ఇట్టే అయిపోతాయి, కేసు తేలదు.

కొత్తకిరాయిదారు:
కడతానన్నా తీసుకోవడం లేదండీ.

వకాల్తానామా:
ఇక్కడ మాత్రం మూసీఒడ్డు గారితో ఏకీభవిస్తాను, కట్టాల్సిందే. రెంట్ కంట్రోల్ ఇల్లయితే 8వ సెక్షన్: పది రోజుల్లో బ్యాంకు పేరు చెప్పమని రాతపూర్వకంగా నోటీసివ్వండి. చెప్పకపోతే కమిషన్ మినహాయించుకుని మనియార్డరు పంపండి. అదీ తిప్పికొడితే కోర్టులో డిపాజిట్ చేయండి. వరస తప్పితే ఉద్దేశపూర్వకంగా ఎగ్గొట్టారంటారు. సివిల్ దావా అయితే బ్యాంకు ఖాతాకు వేయండి. నగదిచ్చి రసీదు లేకపోతే ఇవ్వనట్టే. ఒక భ్రమ కూడా వదలండి: కేసు మధ్యలో ఓనరు అద్దె తీసుకున్నంత మాత్రాన అతనిచ్చిన ఖాళీ నోటీసు రద్దు కాదు.

మూసీఒడ్డు:
డబ్బు గొడవలో పడి తారీఖు మరిచిపోకండి. సివిల్ దావాలో సమన్లు అందిన 30 రోజుల్లో జవాబు దాఖలు చేయాలి, కోర్టు ఒప్పుకుంటే 90 వరకు. ఎక్స్‌పార్టీ డిక్రీ (మీరు హాజరు కాకపోతే మీ మీద ఇచ్చే తీర్పు) అయితే రద్దుకు మళ్లీ 30 రోజులే. ఈలోగా ఓనరు తాళం పగలగొట్టి సామాను బయట పెడితే, స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద ఆరు నెలల్లోపు దావా వేసి స్వాధీనం తిరిగి అడగొచ్చు.