సౌరయ్యా, శౌరయ్యా? అమరంలో పాదం ఒకటి కావాలి

నల్లకుంట: అమరకోశంలో (సంస్కృత పర్యాయపదాల నిఘంటువు) విష్ణువు పేర్ల దగ్గర "దేవకీనందనః శౌరిః ... పురుషోత్తమః". నడుమ మాట నోటి చివరే ఉంది, రావటం లేదు. "శ్రీధరః" అంటే గణాలకు సరిపోతోంది గానీ చెవి ఒప్పుకోవటం లేదు. అవసరం ఏమిటంటే, 1911 నాటి జ్ఞానస్నానపు నకలు ఒకదాంట్లో "చిన్నప్ప, తం. (తండ్రి) సౌరయ్య" అని ఉంది. అదే కుటుంబం పాత దస్తావేజుల్లో "శౌరి" అని ఉంది. శౌరి విష్ణువు పేరే అయితే క్రైస్తవ మతంలో కలిసింది ఆ తండ్రే అయ్యుండాలి. కాకపోతే ఇంకో తరం వెనక్కి పోయి వెతకాలి.

తార్నాక: శ్రీపతిః. ఇక మీ సౌరయ్య సంగతి. సకారం అయితే శనిగ్రహం అవుతుంది, అదే అమరంలో "సమౌ సౌరిశనైశ్చరౌ" చూడండి. కొడుక్కి శని పేరు పెట్టుకునేవాళ్లు ఎవరుంటారు? నకలు రాసినాయన పొరపాటు. శౌరే.

గన్‌ఫౌండ్రి: పొరపాటేం కాదండీ. కొడుకు పేరు వదిలేసి తండ్రి పేరు ఒక్కటే పట్టుకున్నారు. చిన్నప్ప అంటే పౌలు, లాటిన్‌లో ఆ మాటకు చిన్నవాడనే అర్థం. రాయప్ప అంటే పేతురు, రాయి. ఇన్నాసి ఇగ్నేషియస్. ఈ వరసలో శౌరి అంటే ఫ్రాన్సిస్ జేవియర్. తమిళంలో సవేరియార్. సవరిలో వకారం కరిగితే సౌరి. కాబట్టి సకారమే పాతది, శకారం తరవాత పంతుళ్లు దిద్దింది అని నా లెక్క.

బొగ్గులకుంట: దిద్దటానికి ఆధారం ఉంది గనకే దిద్దారు. శూరుడి అపత్యం (సంతానం) శౌరి. పాణిని సూత్రం "అత ఇఞ్": అకారాంతమైన పేరుకు సంతానం అనే అర్థంలో ఇఞ్ ప్రత్యయం.

తార్నాక: అంత తేలిక కాదు బొగ్గులకుంట గారూ. శూరుడు వృష్ణివంశం వాడు. "ఋష్యంధకవృష్ణికురుభ్యశ్చ" అనే సూత్రం అడ్డం వచ్చి అణ్ ప్రత్యయం పడాలి, వాసుదేవ అన్నట్టు "శౌర" కావాలి. ఇఞ్ వచ్చే మాటల జాబితా ఉంది, బాహ్వాది గణం; అందులో వేసుకుంటే తప్ప ఇఞ్ రాదు.

బొగ్గులకుంట: వేసుకున్నారు కాబట్టే వచ్చింది. అసలు విశేషం వేరే ఉంది. శూరుడి కొడుకు వసుదేవుడూ శౌరే, మనవడు కృష్ణుడూ శౌరే. ఎన్నో తరం వాడో ఆ మాట చెప్పదు.

గన్‌ఫౌండ్రి: చర్చి నమోదు పుస్తకాల్లో పీకల మీదికొచ్చేదీ అదే. పెద్దకొడుక్కి నాన్న తండ్రి పేరు, రెండోవాడికి అమ్మ తండ్రి పేరు పెట్టే ఇళ్లల్లో తరం విడిచి తరం చిన్నప్పలే. అన్నదమ్ములిద్దరూ తమ పెద్దకొడుకులకు ఆ పేరే పెడితే ఒకే విచారణలో (చర్చి పరిధిలో), ఒకే ఇంటిపేరుతో ఇద్దరు చిన్నప్పలు తేల్తారు. తండ్రి పేరొక్కటే సరిపోయిందని ముడేస్తే ఇంకొకరి వంశం వచ్చి పడుతుంది. తల్లి పేరు, జ్ఞానతల్లిదండ్రుల (జ్ఞానస్నానంలో బిడ్డకు పూచీగా నిలిచేవాళ్ల) పేర్లు, ఊరు, మూడూ కలవాలి. తాత బతికుండగా ఆ పేరు పెట్టని ఇళ్లూ ఉన్నాయి కాబట్టి వరస తప్పినంత మాత్రాన బంధుత్వం లేదనుకోకూడదు.

నల్లకుంట గారూ, మీ నకలు తెలుగులో ఉన్నా మూల పుస్తకం లాటిన్‌లో ఉండొచ్చు. మూలం ఫోటో అడగండి. తండ్రి పేరు షష్ఠీ విభక్తిలో ఉంటుంది: "ఫీలియుం క్సవేరీ", అంటే జేవియర్ కొడుకును. ప్రథమలో క్సవేరియుస్. ఆ మాట కనబడితే విష్ణువు గొడవే లేదు, తండ్రిదీ జ్ఞానస్నానపు పేరే. అప్పుడు ఆయన నమోదు కోసం కొడుకు పుట్టుకకు ఇరవై నుంచి నలభై ఏళ్ల వెనక పుస్తకం తిరగేయాలి. పెద్దవాడయ్యాక జ్ఞానస్నానం పొందినవారికి "అదుల్తుస్" అని రాస్తారు, అదీ చూసుకోండి.

పద్మారావునగర్: డిసెంబర్ 3 జేవియర్ పండుగ. తండ్రి జ్ఞానస్నానం ఆ దగ్గర్లో ఉంటే బలం.

గన్‌ఫౌండ్రి: కొంతే బలం. చర్చి గురువు ఏడాదికి ఒకటి రెండుసార్లు వచ్చే పల్లెల్లో అందరివీ ఒకే తేదీన పడతాయి.

తార్నాక: పోతన శౌరి అన్నచోటల్లా యతి చూస్తే శకారమో సకారమో తేలిపోదా?

బొగ్గులకుంట: ఎలా తేలుతుందండీ! శ, ష, స మూడింటికీ మైత్రే. ప్రాస చూద్దామంటే అది రెండో అక్షరం, రేఫ. మన అక్షరం యతికీ దొరకదు, ప్రాసకీ దొరకదు. పోతన పేరు ఎత్తారు కాబట్టి చెబుతున్నా, తండ్రి పేరు రాసిపెట్టటం అంటే ఆయనదీ: భాగవతంలో తాను రాసిన స్కంధాల చివర "కేసనమంత్రిపుత్ర". ఊరి దగ్గరే మనకు తగువు మిగిల్చాడు.

తార్నాక: తగువేముంది? ఇంటిపేరే బమ్మెర.

బొగ్గులకుంట: ఇంటిపేరు ముత్తాత ఊరిని చెబుతుంది, కవి ఉన్న ఊరిని కాదు. పోతన తమ ఊరివాడే అనే ఒంటిమిట్ట వాళ్ల వాదనంతా ఆ సందులోంచే వచ్చింది.

పద్మారావునగర్: దస్తావేజు నిజాం ఇలాకాలో రాసిందైతే "చిన్నప్ప వల్ద్ శౌరి" (శౌరి కొడుకు చిన్నప్ప) అని ఉర్దూలో ఉండొచ్చు. అక్కడ షీన్ (శ) అక్షరానికీ సీన్ (స) అక్షరానికీ తేడా మూడు చుక్కలే. శికస్తా అనే గొలుసుకట్టు రాతలో చుక్కలు ఎగ్గొడతారు, దాన్ని నమ్ముకోవద్దు. తేదీ ఫసలీలో (నిజాం కాలపు శిస్తు సంవత్సరం) ఉంటే 590 కలపండి; 1310 ఫసలీ అంటే 1900–01.

గన్‌ఫౌండ్రి: ఇంకో దారి. చర్చి నియమం ప్రకారం 1908 ఈస్టర్ నుంచి, పెళ్లయితే ఆ సంగతి జ్ఞానస్నానపు నమోదు పక్కన మార్జిన్‌లో ఎక్కించాలి: ఎవరితో, ఎక్కడ, ఎప్పుడు. చిన్నప్పది 1911 కాబట్టి ఆయనకీ ఉండాలి. దాన్నిబట్టి వివాహ పుస్తకానికి వెళ్లండి. మేనరికం అయితే మన అదృష్టం, దగ్గరి బంధువుల పెళ్లికి చర్చి ఇచ్చిన సడలింపు రాసి ఉంటుంది. "సెకుందో గ్రాదు" అంటే అప్పటి లెక్కలో రెండో మెట్టు: మేనత్త కూతురో మేనమామ కూతురో. అక్క కూతురైతే రెండో మెట్టు ఒకటో దాన్ని తాకినట్టు రాసేవారు. ఉత్త రెండో మెట్టే అయితే, వధూవరులిద్దరికీ ఒకవైపు తాతా అవ్వా ఒకరే అని ఆ ఒక్క ముక్కే చెప్పేస్తుంది. నకలు ఇచ్చేటప్పుడు మార్జిన్ వదిలేస్తారు, పుట పూర్తిగా కావాలని అడగాలి.

మరొకటి. "పత్రీనుస్" అంటే జ్ఞానతండ్రి. తొందరలో దాన్ని తండ్రి అని దించేసిన నకళ్లు ఉంటాయి. తెలుగు పుస్తకమే అయితే "జ్ఞా. తం." అని పొడి అక్షరాలు. మీ "తం." ముందు ఏమైనా ఉందా?

నల్లకుంట: ఒక చుక్క కనిపిస్తోందండీ. దాని ముందున్నది కుట్టు మడతలో పడిపోయింది.

తార్నాక: చుక్క కాదేమో, అరసున్న చూడండి.

బొగ్గులకుంట: తకారం ముందు అరసున్నా! ఏ సూత్రం చేత?