‘ఇంటిమసీ’కి తెలుగు మాట ఏది? ఆత్మీయతా, సాన్నిహిత్యమా?

మల్లెతీగ: దంపతుల కోసం రాసిన కౌన్సెలింగ్ కరపత్రం ఒకటి తెలుగు చేస్తున్నాను. ‘ఇంటిమసీ’ వచ్చిన ప్రతిచోటా ‘సాన్నిహిత్యం’ అని రాశాను. సంపాదకుడు పద్నాలుగు చోట్లా కొట్టేసి ‘ఆత్మీయత’ అని దిద్దారు. అడిగితే, “సాన్నిహిత్యం అంటే జనం ఇంకోలా అనుకుంటారండీ” అన్నారు. ఆలుమగల గురించి రాసినదాన్ని ఇంకోలా అనుకుంటే వచ్చే నష్టమేమిటి?

పాతడెస్కు: మీ సంపాదకుడి భయానికి మావాళ్లే కారణం. నేను చాలాకాలం పత్రికలో నేరవార్తలు దిద్దాను. ‘పెళ్లి చేసుకుంటానని నమ్మించి సన్నిహితంగా మెలిగాడు’, ‘సన్నిహితంగా ఉన్న ఫొటోలు’ లాంటివి ఎన్ని రాశామో! అసలు మాట రాయడానికి సిగ్గుపడి ఈ మాటను బలిచ్చాం. నిజానికి గుడిలో సన్నిధి, పేపర్లో సన్నిహితం ఒకే ధాతువు నుంచి వచ్చినవి. రెండింటిలోనూ ఉన్నది దగ్గరగా ఉండటమే. తమాషా ఏమిటంటే, ‘మంత్రిగారికి సన్నిహితుడు’ అంటే పలుకుబడి, ‘ఆమెతో సన్నిహితంగా ఉండేవాడు’ అంటే పుకారు.

గోదారిగట్టు: అయితే ఆత్మీయత మాత్రం బతికి ఉందా? ఎన్నికలొస్తే ప్రతి కులానికీ ఓ ఆత్మీయ సమ్మేళనం. ఉద్యోగ విరమణ ఫ్లెక్సీ మీద ఆత్మీయ వీడ్కోలు, శుభలేఖ మీద ఆత్మీయ ఆహ్వానం. పక్కింటి పిన్నిగారు గిన్నెలో పులుసు పంపితే అది ఆత్మీయత. మొగుడూ పెళ్లాల మధ్య ఆత్మీయత అంటే పాపం, వేర్వేరు ఊళ్లలో ఉంటున్నారేమో అనిపిస్తుంది. హాయిగా ‘అన్యోన్యత’ అని రాయండి.

మల్లెతీగ: అన్యోన్యత పక్కవాళ్లు ఇచ్చే సర్టిఫికెట్ కదండీ. ‘మేము అన్యోన్యంగా ఉంటాం’ అని ఏ జంటా చెప్పుకోగా నేను వినలేదు. ఎక్కువగా ఇద్దరిలో ఒకరు పోయాక, పరామర్శకు వచ్చినవాళ్ల నోట వింటాం.

చలువరాయి: నామవాచకాలు వదిలి క్రియలు చూడండి. ఆత్మీయత చూపిస్తారు. సాన్నిహిత్యం ఏర్పడుతుంది. అన్యోన్యంగా ఉంటారు. చనువు మాత్రం ఒకరు ఇస్తారు, ఇంకొకరు తీసుకుంటారు. మీకు కావలసిన మాట అదేనని నా వాదన. కుచేలుడు సిగ్గుపడి దాచుకున్న అటుకుల మూటను కృష్ణుడు తనే లాక్కుని విప్పాడు. అక్కడ ఉన్నది ఆత్మీయత అంటే చప్పగా ఉంటుంది, అది చిన్ననాటి చనువు.

మా అమ్మమ్మ తాతయ్యను జీవితమంతా ‘ఏమండీ’ అనే పిలిచింది. పేరు ఎత్తేది కాదు, ఆయన తినకుండా తినేది కాదు. కానీ పాలవాడు వస్తే మాత్రం, పడక్కుర్చీలో పేపరు చదువుకుంటున్న ఆయన చొక్కా జేబులో చెయ్యిపెట్టి చిల్లర తీసుకునేది. అడిగేది కాదు. ఆయన పేపరు కాస్త పక్కకు జరిపేవాడు, అంతే. ఆ ఇంట్లో ఇంకెవరూ ఆ జేబు ముట్టుకునేవారు కాదు.

గోదారిగట్టు: జేబు సంగతి బాగుంది. కానీ చనువులో ఎక్కువ తక్కువలు ఉన్నాయండీ. ‘చనువిస్తే చంకనెక్కాడు’ అనేది ఎవరు, ఎవరిని? పైవాడు కిందివాడిని. దంపతుల కరపత్రంలో ఎవరు ఎవరికి ఇవ్వాలి? పైగా ఆఫీసులో ఒకావిడ ‘ఆయన చనువు తీసుకోబోయాడు’ అన్నదంటే అది ఫిర్యాదు.

చలువరాయి: ఫిర్యాదే. ఇవ్వనిది తీసుకోబోయాడు కాబట్టి. ఒప్పుకోలు ఉందా లేదా అని ఆ మాటే అడుగుతోంది. మీరు తప్పు అంటున్నది నాకు దాని బలంగా కనిపిస్తోంది.

పాతడెస్కు: వాదన బాగుంది కానీ ‘శారీరక చనువు’ అని అచ్చువేయండి చూద్దాం. నేనైతే ప్రూఫులోనే ఆపేస్తాను.

మల్లెతీగ: అందరికీ కృతజ్ఞతలు. పద్నాలుగు చోట్లకూ ఒకే మాట అతికించడమే నా పొరపాటు. ఎనిమిది చోట్ల ‘దగ్గరితనం’ అని, రెండు చోట్ల ‘చనువు’ అని మార్చాను. ఒక చోట మాట మానేసి ‘ఒకరి దగ్గర ఒకరు దాపరికం లేకుండా ఉండటం’ అని విడమరిచాను. ఒంటి సంగతి సూటిగా వచ్చిన మిగతా మూడు చోట్ల ‘శారీరక సాన్నిహిత్యం’ అనే ఉంచి పంపాను.

ఇప్పుడే దిద్దుబాట్లు వచ్చాయి. ఆ మూడు చోట్లా ‘శారీరక ఆత్మీయత’ అని ఉంది.