కంఠత వాక్యం వారం దాటి నిలవాలంటే ఏం చేయాలి? విశాఖ సండే స్కూలు టీచర్ల చర్చ

మర్రిపాలెం టీచర్:
అందరికీ వందనాలు. మా చర్చి సంఘంలో ఆరేళ్లుగా సండే స్కూలు చూస్తున్నాను. ఐదేళ్ల వారి నుంచి పద్నాలుగేళ్ల వారి వరకు ముప్పై ఎనిమిది మంది పిల్లలు వస్తారు. ఆదివారానికి ఒకటి చొప్పున ఏడాదికి 52 కంఠత వాక్యాలు, అంటే చూడకుండా చెప్పాల్సిన బైబిలు వచనాలు, ఇస్తాం. అప్పజెప్పిన వారికి గోడమీది చార్టులో స్టారు అంటిస్తాం. క్రిస్మస్ ప్రోగ్రాంలో ఎక్కువ స్టార్లు వచ్చిన ముగ్గురికి అయ్యగారి (పాస్టరు గారి) చేతుల మీదుగా బహుమతి ఇప్పిస్తాం. పైకి అంతా సవ్యంగానే కనిపిస్తుంది.

గత నెలలో, చార్టులో ఒక్క ఖాళీ కూడా లేని అమ్మాయిని పిలిచి, ఐదు వారాల క్రితం తాను తడుముకోకుండా అప్పజెప్పిన వాక్యాన్నే మళ్లీ అడిగాను. అధ్యాయం, వచనం సంఖ్యలు చెప్పింది, మొదటి రెండు మాటలు చెప్పింది, అక్కడ ఆగి నా పెదవుల వైపు చూసింది. పెద్ద తరగతిలో మరో పన్నెండు మందిని అడిగితే పూర్తిగా చెప్పినవారు ఇద్దరే. పిల్లలు బద్ధకస్తులు కారు. శనివారం రాత్రి ఇంట్లోనో, కొందరైతే ఆదివారం ఉదయం చర్చి మెట్లమీదనో కూర్చుని బట్టీ పట్టి వస్తున్నారు. లోపం మేము నడిపే పద్ధతిలోనే ఉందని నాకు అనిపిస్తోంది. మీ సంఘాల్లో ఏది పనిచేసిందో, ఏది బెడిసికొట్టిందో వివరంగా రాయగలరు.

గాజువాక రిటైర్డ్ మాస్టారు:
అమ్మా, నేను బడిలో లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి. ఇప్పుడు మా చర్చిలో పిల్లల వాక్యాలు నేనే అప్పజెప్పించుకుంటున్నాను. పదమూడో ఎక్కం ఒక సోమవారం అప్పజెప్పించుకుని, ఇక జన్మలో ఆ పిల్లవాణ్ణి ఆ ఎక్కం అడగని మాస్టారు ఎక్కడైనా ఉంటారా? మీ చార్టు చేస్తున్నది సరిగ్గా అదే. ప్రతి వాక్యాన్నీ ఒక్కసారి అడిగి, స్టారు అంటించి, సెలవిచ్చి పంపించేస్తున్నారు.

జర్మనీకి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అర్థంలేని అక్షరాల గుంపులను తానే కంఠస్థం చేసి, గంటలు గడిచాక, రోజులు గడిచాక తనలో ఎంత మిగిలిందో కొలిచి, ఆ ఫలితాలను 1885లో ప్రచురించాడు. నేర్చినదాంట్లో ఎక్కువ భాగం మొదటి గంటల్లోనూ మొదటి రోజుల్లోనూ జారిపోతుందనీ, ఆ తర్వాత మరుపు వేగం తగ్గుతుందనీ ఆయన గమనించాడు. కాబట్టి మనం మళ్లీ అడగవలసినది వచ్చే క్రిస్మస్‌కు కాదు, ఈ బుధవారానికే. ఆ తర్వాత వారానికి, ఆ తర్వాత నెలకు, ఇలా ఎడం పెంచుకుంటూ పోవాలి.

మేము చేసేది చాలా చవకైన పని. ఒక ఖాళీ చెప్పుల డబ్బాలో అట్టముక్కలు నిలబెట్టి నాలుగు అరలు చేశాం. ఒక్కొక్క పిల్లవాడికీ ఒక డబ్బా ఉంటుంది, ఒక్కొక్క వాక్యానికీ ఒక కార్డు ఉంటుంది. కొత్త కార్డు మొదటి అరలో పడుతుంది, దాన్ని వారంలో రెండుసార్లు ఇంట్లో అడగాలి. పుస్తకం చూడకుండా చెబితే రెండో అరలోకి వెళుతుంది, అది వారానికి ఒకసారి. మూడోది నెలకు ఒకసారి, నాలుగోది మూడు నెలలకు ఒకసారి. ఏ అరలో తప్పు చెప్పినా ఆ కార్డు మొదటి అరకు తిరిగి వస్తుంది. దానికి తిట్లు, మొట్టికాయలు ఏమీ ఉండవు, కార్డు వెనక్కి రావడం ఒక్కటే ఉంటుంది. ఈ పద్ధతిలో 52 వాక్యాలు మోయడం కుదరదు. మేము ఏడాదికి 20 ఇస్తున్నాం. మొదట్లో పెద్దలు కొందరు "ఇంత తక్కువా?" అని నొచ్చుకున్నారు కానీ, నిరుటి 20లో 16 అయినా చెప్పలేని పిల్లలు మా తరగతిలో ఇప్పుడు ముగ్గురే.

ఇంకొక మాట. పిల్లలు వాక్యాన్ని పదిసార్లు చూసి చదవడాన్ని మనం కష్టపడటంగా లెక్కిస్తాం. 2006లో రోడిగర్, కార్పికె అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు విద్యార్థులకు కొన్ని పాఠ్యభాగాలిచ్చి చూశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్షిస్తే మళ్లీ మళ్లీ చదివినవారే ముందున్నారు, వారం తర్వాత పరీక్షిస్తే మాత్రం పుస్తకం మూసి గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించినవారు ముందున్నారు. మీ చర్చి మెట్లమీద చదివే పిల్లలు ఆ ఐదు నిమిషాల పరీక్షకే తయారవుతున్నారు.

మధురవాడ నాన్న:
మాస్టారు గారి డబ్బా బాగుంది, కానీ అంతకంటే ముందు ఒక ఇబ్బంది ఉంది. మా పిల్లలిద్దరూ ఇంగ్లీషు మీడియం. తెలుగు మాట్లాడతారు, చదవడం మాత్రం అక్షరం అక్షరం కూడబలుక్కునే స్థితి. మా పాప వాక్యాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని వల్లిస్తుంది. బైబిలులోని ఇరవై మూడో కీర్తన మొదటి వచనం "యెహోవా నా కాపరి, నాకు ఏమీ కలుగదు" అని రెండు నెలలపాటు చెప్పింది. "లేమి" (కొరత) అనే మాట మా ఇంట్లో ఎవరమూ వాడం కదా, తనకు తెలిసిన "ఏమీ"ని అక్కడ పెట్టుకుంది. దేవుడు కాపరి కాబట్టి నాకు ఏమీ దొరకదు అని అర్థం వచ్చింది! సండే స్కూల్లో అది సరైన జవాబుగానే చెల్లుబాటైంది, స్టారు కూడా వచ్చింది. సరళమైన భాషలో వచ్చిన అనువాదాలు ఉండగా ఈ గ్రాంథికాన్ని పిల్లల చేత ఎందుకు మోయించాలో నాకు అర్థం కాదు.

గాజువాక రిటైర్డ్ మాస్టారు:
బాబూ, ఆ స్టారు వేసిన టీచరు వాక్యాన్ని వినలేదు, రాగాన్ని విన్నారు. అది మా అందరికీ ఉన్న జబ్బే.

పూర్ణా మార్కెట్ అక్క:
అనువాదం విషయంలో నాది మధ్యేమార్గం. సంఘంలో పెద్దలు చదివేది, అయ్యగారు ప్రసంగంలో ఎత్తిచెప్పేది పాత అనువాదమే కాబట్టి పిల్లలకు ఆ మాటలే నేర్పితే, నేర్చిన వాక్యం వారి చెవిన వారం వారం మళ్లీ పడుతుంది. అదొక ఉచిత పునశ్చరణ. అలాగని పాత మాటల్లోనే పవిత్రత ఉందనే వాదనను నేను ఒప్పుకోను. లండన్ మిషనరీ సొసైటీ వారైన జార్జ్ క్రాన్, అగస్టస్ డే గ్రాంజెస్ 1805లో మన విశాఖపట్నం వచ్చి, ఆనందరాయర్ అనే బ్రాహ్మణ క్రైస్తవుడి సాయంతో సువార్తలను తెలుగులోకి తేవడం మొదలుపెట్టారు. డే గ్రాంజెస్ 1810లో మరణించాక, మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో బెంగాల్‌లోని శ్రీరాంపూరులో అచ్చయ్యాయి. నాటి తెలుగును తర్వాతివారు ఎన్నోసార్లు దిద్దారు. దిద్దకపోతే ఈరోజు మనకే అర్థమయ్యేది కాదు.

అందుకని నేను చేసేది ఇది. వాక్యం ఇచ్చే ముందు అందులోని కొరుకుడుపడని మాటలను పిల్లల చేతే వాడిస్తాను. "లేమి" వచ్చిన వారం, మీ ఇంట్లో దేనికి లేమి ఉందో చెప్పమన్నాను. ఒక బాబు "మాకు నీళ్ల లేమి, కుళాయి రోజు విడిచి రోజు వస్తుంది" అన్నాడు. ఆ బాబుకు ఇక ఆ మాట తప్పిపోదు. అర్థం కుదిరాకే వల్లె వేయిస్తాను; ముందు వల్లె వేసి తర్వాత అర్థం చెప్పుకోవచ్చులే అనుకుంటే ఆ "తర్వాత" రావడం నేను చూడలేదు.

కీర్తనల్లో మరో సౌకర్యం ఉంది. కీర్తనల మూలభాషైన హెబ్రీ కవిత్వంలో ఒక మాటను చెప్పి, దాన్నే మరో విధంగా పలకడం మామూలు. "నీ వాక్యము నా పాదములకు దీపమును" అని ఒక వరుస పిల్లలు అంటే "నా త్రోవకు వెలుగునై యున్నది" అని ఎదుటి వరుస అందుకుంటుంది. రెండు విడతలయ్యాక వరుసలు మార్చేస్తాను. ఈ వచనం ఉన్న 119వ కీర్తనలో 176 వచనాలు, ఎనిమిదేసి చొప్పున 22 భాగాలు; మూలంలో ఒక్కో భాగంలోని ఎనిమిది వచనాలూ ఒకే హెబ్రీ అక్షరంతో మొదలవుతాయి. తెలుగులో ఆ అక్షరాల ఆసరా మనకు లేదు కాబట్టి, ఈ పిలుపు, బదులు అనే ఆసరానైనా వదులుకోకూడదని నా అభిప్రాయం.

రాగం కట్టడం గురించి మాత్రం జాగ్రత్త. మేము ఆరు వాక్యాలకు బాణీలు కట్టాం. పిల్లలు హాయిగా పాడతారు, కానీ రాగం లేకుండా మధ్య నుంచి చెప్పమంటే మొదటి నుంచి పాడుకుంటూ రావలసిందే.

పెదజాలారిపేట వాలంటీర్:
మా దగ్గర కథ వేరు. తల్లిదండ్రుల్లో చాలామంది చదువుకోలేదు, కాబట్టి కార్డు చూసి అడిగేవారు ఇంట్లో ఉండరు. మొదట దాన్ని లోటుగానే చూశాం. తర్వాత ఒక అమ్మమ్మ మాకు దారి చూపింది. ఆమెకు అక్షరం రాదు, మనవరాలు వాక్యం నేర్చుకుంటుంటే "నాకూ చెప్పు" అని కూర్చునేది. ఆమెకు నేర్పాలంటే మనవరాలు అదే వాక్యాన్ని చూడకుండా ఇరవైసార్లు చెప్పాలి, ఆమె తప్పిన చోట తాను పట్టుకోవాలి. ఇప్పుడు మేము ప్రతి పిల్లకూ ఒక చదువురాని పెద్దను జత చేస్తున్నాం. పిల్ల టీచరు, పెద్ద విద్యార్థి. ఆదివారం ఆ పెద్దను కూడా అడుగుతాం. నవ్వులూ ఉంటాయి.

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు సముద్రంలో చేపల వేట నిషేధం ఉంటుంది కాబట్టి, మా మత్స్యకారుల పేటలో తండ్రులు ఇంటిపట్టున ఉండేది ఆ రోజుల్లోనే. మేలో వి.బి.ఎస్. (వేసవి సెలవుల్లో పిల్లలకు నడిపే బైబిలు తరగతులు) కూడా అప్పుడే పడుతుంది. ఆ పది రోజుల్లో పది వాక్యాలు కుక్కే అలవాటును మానేసి, 46వ కీర్తనలోని మొదటి మూడు వచనాలే ఇచ్చి, తండ్రులు వలలు బాగుచేసుకునే చోటికే పిల్లలను పంపి అప్పజెప్పించాం. ఆ కీర్తనను ఎంచుకోవడానికి నా సొంత కారణం ఒకటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటిన పూట, పైకప్పు రేకులు ఒక్కొక్కటే లేచిపోతుంటే, కరెంటు లేక, ఫోను పనిచేయక, చీకట్లో బైబిలు తెరిచే వీలు లేక మా అమ్మ "దేవుడు మనకు ఆశ్రయమును దుర్గమునై యున్నాడు" అని మొదలుపెట్టింది. సముద్రం ఘోషించడం గురించిన మాటలు వచ్చేసరికి మేమందరం అందుకున్నాం. ఆమె దాన్ని చిన్నప్పుడు సండే స్కూల్లోనే నేర్చుకుందట, ఏ బహుమతి వచ్చిందో ఆమెకు గుర్తులేదు.

సింధియా జంక్షన్ తల్లి:
మా ఆయనది స్టీల్ ప్లాంటులో షిఫ్టు డ్యూటీ. మధ్యాహ్నం మొదలై రాత్రికి ముగిసే బి షిఫ్టు వారం ఆయన పిల్లల ముఖం చూసేది ఉదయం బడికి దింపేటప్పుడే. "రోజూ సాయంత్రం ఏడింటికి కుటుంబ ప్రార్థనలో వాక్యం అడగండి" అని మా టీచరు గారు పెట్టిన నియమం మా ఇంట్లో మూడు వారాలు కూడా సాగలేదు. బైబిలులోని ద్వితీయోపదేశకాండము ఆరో అధ్యాయంలో దేవుని మాటలను పిల్లలకు నేర్పుతూ "త్రోవను నడుచునప్పుడు" కూడా వాటి గురించి మాట్లాడాలని ఉంది కదా అని, స్కూటరు మీద బడికి వెళ్లే ఆ పావుగంటకు దాన్ని మార్చాం. మొదటి సిగ్నల్ దగ్గర పాత వాక్యం, రెండో సిగ్నల్ దగ్గర కొత్తది. గడియారానికి ముడిపెట్టినది తప్పిపోయింది, దారికి ముడిపెట్టినది నిలిచింది.

బహుమతుల గురించి కూడా చెప్పాలి. మా పెద్దవాడికి నత్తి ఉంది. వాక్యం వాడికి వస్తుంది, నలుగురి ముందు నిలబెడితే రాదు. రెండేళ్లు చార్టులో వాడి పేరు ఎదురుగా ఖాళీలే ఉన్నాయి, ఆదివారం ఉదయం కడుపునొప్పి అనడం మొదలుపెట్టాడు. వేరే టీచరు వచ్చి, వరండాలో ఒక్కడినే కూర్చోబెట్టుకుని, తొందరపెట్టకుండా విన్నారు. తొమ్మిది వాక్యాలు చెప్పాడు.

మర్రిపాలెం టీచర్:
సిస్టర్, మీ మాట చదివాక మా చార్టులో ఖాళీలున్న పేర్లన్నీ మళ్లీ చూశాను. వాటిలో రెండు పేర్ల విషయంలో నేను తొందరపడ్డానని ఒప్పుకోవాలి.

నిన్న అయ్యగారితో, కమిటీ పెద్దలతో మాట్లాడాను. వచ్చే ఏడాదికి 24 వాక్యాలు అనుకున్నాం, నెలకు రెండు. మొదటి ఆదివారం మాటల అర్థమే తప్ప వల్లె వేయడం ఉండదు. ముగ్గురికి బహుమతి అనేది తీసేసి, ఆగస్టులో నేర్చిన వాక్యం డిసెంబరులో చెప్పగలిగిన ప్రతి ఒక్కరికీ సొంత బైబిలు ఇవ్వాలనుకున్నాం. దీనికి ఒక పెద్దాయన ఒప్పుకోలేదు, పోటీ లేకపోతే పిల్లలు చదవరని ఆయన అభిప్రాయం. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు కాబట్టి, తరగతికీ తరగతికీ మధ్య పోటీ ఉంచాం. అప్పజెప్పించుకోవడానికి యూత్ నుంచి నలుగురు, స్త్రీల సమాజం నుంచి ఇద్దరు వస్తామన్నారు. ఒక్కొక్కరికి ఆరేడుగురు పిల్లలు, అందులో తడబడే పిల్లలను నేనే వరండాలో చూసుకుంటాను. చెప్పుల డబ్బాలు ఇప్పటికి ఇరవై రెండు పోగయ్యాయి. మాస్టారు గారూ, అరల కొలత ఏమైనా ఉందా, నాలుగూ సమానంగా చేయమంటారా?

గాజువాక రిటైర్డ్ మాస్టారు:
సమానంగా వద్దమ్మా. మొదటి అర వెడల్పుగా చేయండి. మొదటి రెండు నెలలూ కార్డులన్నీ తిరిగి తిరిగి అక్కడికే చేరతాయి.