డీలర్ల ఆర్డర్ యాప్, ఓటీపీ లాగిన్: ఐఓఎస్ రివ్యూయర్ లోపలికి ఎలా వెళ్తారు?

ప్రశ్న (మారతహళ్ళి, బెంగళూరు): డీలర్, ఏరియా మేనేజర్, అకౌంట్స్ అని మూడు రోల్స్. లాగిన్ మొబైల్ ఓటీపీతోనే. వచ్చేవారం ఆపిల్ యాప్ స్టోర్‌కి సబ్మిట్ చేయాలి; స్టోర్‌లోకి రాకముందు ఆపిల్ రివ్యూయర్ యాప్ తెరిచి పరీక్షిస్తారు. రివ్యూ నోట్స్‌లో ఏం రాయాలి?

జవాబు 1: రివ్యూయర్ దగ్గర మన సిమ్ ఉండదండీ. ఒక టెస్ట్ నంబరుకి మారని ఓటీపీ సర్వర్లోనే పెట్టి, యాప్ స్టోర్ కనెక్ట్ (డెవలపర్లు యాప్ సబ్మిట్ చేసే ఆపిల్ సైటు)లోని యాప్ రివ్యూ సమాచారంలో రాయండి. మూడు రోల్స్‌కీ మూడు లాగిన్లు, లోపల నకిలీ ఆర్డర్లు నింపి ఉంచాలి. ఖాళీ స్క్రీన్ కనిపిస్తే ఆపిల్ రివ్యూ నియమం 2.1 (యాప్ పూర్తిగా ఉండాలనేది) కింద వెనక్కొస్తుంది. బార్‌కోడ్ స్కాన్ ఉంటే నమూనా బార్‌కోడ్ జతచేయండి. అందరూ మర్చిపోయేది ఫైర్‌వాల్: ఇండియా ఐపీలకే తెరిచి ఉంటే బయటి దేశం నుంచి చూసే రివ్యూయర్‌కి లాగినే అవదు.

జవాబు 2: అసలు పబ్లిక్‌గా పెట్టాలా? ఒకే కంపెనీ డీలర్లకైతే ఆపిల్ రివ్యూ నియమం 3.2 అడ్డొస్తుంది. ఆపిల్ బిజినెస్ మేనేజర్ (కంపెనీలకు ఆపిల్ ఇచ్చే పోర్టల్) ద్వారా ఎంచుకున్న సంస్థలకే అందే కస్టమ్ యాప్, లేదా లింకుతో మాత్రమే దొరికే అన్‌లిస్టెడ్ యాప్ చూడండి. రివ్యూ వాటికీ తప్పదు. పబ్లిక్‌గా అప్రూవ్ అయ్యాక కస్టమ్‌కి మారాలంటే కొత్త యాప్ రికార్డే గతి, కాబట్టి ఇప్పుడే తేల్చుకోండి.

జవాబు 3: డీలర్ యాప్‌లోనే ఖాతా తెరిస్తే, ఖాతా తొలగింపు కూడా యాప్‌లోనే మొదలవ్వాలి. 2022 జూన్ 30 నుంచి తప్పనిసరి. "సపోర్ట్‌కి మెయిల్ చేయండి" అంటే ఒప్పుకోరు.