వాల్యూమ్ సున్నాల ఉన్నా యాంప్లిఫయర్ గుయ్‌మంటుంది

ప్రశ్న (నల్లగొండ): పాత స్టీరియో యాంప్లిఫయర్, సెట్‌టాప్ బాక్స్ నుంచి ఆర్‌సీఏ తీగతో కలిపిన. రెండు స్పీకర్లల్ల మోత. వాల్యూమ్ పూర్తిగ తగ్గించినా సన్నగ వినపడ్తది, పెంచితే ఇంకా పెరుగుతది. పవర్ సప్లైల డీసీని సాపు చేసే ఫిల్టర్ కెపాసిటర్లు మార్చాల్నా?

జవాబు (మిర్యాలగూడ): అన్నా, అప్పుడే సోల్డరింగ్ ఐరన్ పట్టకు. మోత రెండు దిక్కుల నుంచి వస్తున్నట్టుంది. స్విచ్ ఆపి, ఇన్‌పుట్ తీగలన్నీ పీకి, మళ్లా ఆన్ చేసి విను. వాల్యూమ్‌తో పెరిగే మోత పోతే అది గ్రౌండ్ లూప్. కేబుల్ టీవీ తీగ పైపొర ఒక చోట ఎర్త్ అయితది, యాంప్లిఫయర్ ఇంకో చోట. ఆ రెండింటి వోల్టేజీ తేడా ఆర్‌సీఏ పైపొర గుండా పారి 50 హెర్ట్జ్ మోత అయితది. కేబుల్ టీవీ తీగ ఒక్కటే పీకి చూస్తే తేలిపోతది. ఆర్‌సీఏ దారిల ఆడియో ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ (తీగలు నేరుగ కలవకుండ పాటను మాత్రం దాటించేది) పెట్టు. ప్లగ్గు ఎర్త్ పిన్ను మాత్రం తీసెయ్యకు, ప్రాణం మీదికొస్తది.

జవాబు (మహబూబ్‌నగర్): తీగలు పీకినా మిగిలే సన్న మోతకు కెపాసిటర్ల మీదనే అనుమానం. ఏసీని డీసీ చేసే బ్రిడ్జి దాటినంక మిగిలే అల, అంటే రిపుల్, 100 హెర్ట్జ్. మల్టీమీటర్ ఏసీల పెట్టి కెపాసిటర్ కాళ్ల మధ్య కొలువు. పాట లేనప్పుడు 1 వోల్ట్ దాటితే అవి ఎండిపోయినట్టే. కొన్ని చవక మీటర్లు డీసీని కూడా కలిపి తప్పు చూపిస్తయి, ప్రోబ్‌కు 0.1 మైక్రోఫారడ్, 250 వోల్ట్ కెపాసిటర్ వరుసగ కలుపు.

పాతది 4700 మైక్రోఫారడ్, 50 వోల్ట్ అయితే అదే, లేకుంటే 63 వోల్ట్ తీసుకో, 105 డిగ్రీలది. ఫిల్టర్ కెపాసిటర్లు రెండుంటే రెండూ ఒకేసారి మార్చు. ప్లగ్గు పీకి, 100 ఓం, 5 వాట్ రెసిస్టర్‌తో ఛార్జి దించినంకనే చెయ్యి పెట్టు. మైనస్ గీత తలకిందులైతే పేలుతది.

జవాబు (దేవరకొండ): ఎర్త్ కూడా చూపించు. ఎండకాలం ఎర్త్ గుంత ఎండితే ఎర్త్ బలహీనపడి మోత పెరుగుతది. ఎలక్ట్రీషియన్‌తో న్యూట్రల్, ఎర్త్ మధ్య కొలిపించు. రెండు మూడు వోల్టులు మించితే వైరింగ్, గుంత రెండూ చూడాలె.