పాత బేస్‌బాల్ కార్డులు, సంతకాల బంతులు కొనేముందు ఏం చూస్తారు?

ఎడిసన్_కుర్రాడు
అన్నలూ, మా ఇంటికి దగ్గర్లో ఎస్టేట్ సేల్ (ఇంట్లో సామానంతా అమ్మేయడం) ఉంది. పాతకాలపు బేస్‌బాల్ దిగ్గజాలు బేబ్ రూత్, లూ గెరిగ్ సంతకాలున్న బంతి ఒకటి, సిగరెట్ పెట్టెల్లో వచ్చిన టీ206 కార్డులు కొన్ని పెట్టారు. బంతికి సర్టిఫికెట్ కూడా ఇస్తారట. అసలుదే అయితే మాత్రం ధర చాలా చవక. శనివారం వెళ్తున్నా, టెన్షన్‌గా ఉంది, ఏం చూడాలో చెప్పండి.

పాతకార్డుల_పిచ్చి
సర్టిఫికెట్ సంగతి తర్వాత, ముందు బంతి చూడు తమ్ముడూ. వాళ్లాడిన అమెరికన్ లీగ్ అఫీషియల్ బంతి మీద అప్పటి లీగ్ ప్రెసిడెంట్ పేరు అచ్చువేసి ఉంటుంది. 1931 నుంచి విల్ హారిడ్జ్, 1959 నుంచి జో క్రోనిన్. గెరిగ్ 1941లో, రూత్ 1948లో పోయారు. క్రోనిన్ పేరు కనిపిస్తే ఇంకేం అడక్కుండా వచ్చెయ్. హారిడ్జ్ పేరున్నా నమ్మెయ్యకు, దొంగ సంతకాలు చేసేవాళ్లు పాత బంతుల్ని వెతికి మరీ కొంటారు.

లెన్స్_రాణి
సిరా కూడా చూడండి. అమెరికాలో బాల్‌పాయింట్ పెన్నులు అమ్మకానికి వచ్చిందే 1945 చివర్లో, కాబట్టి గెరిగ్ సంతకం బాల్‌పాయింట్‌తో ఉంటే అది దొంగదే. సర్టిఫికెట్ల మాటంటారా, దొంగ సంతకాల మీద ఎఫ్‌బీఐ చేసిన 'ఆపరేషన్ బుల్‌పెన్' దర్యాప్తులో పట్టుకున్న దొంగ సరుకులో సర్టిఫికెట్లతో సహా అమ్మినవి బోలెడు.

కార్డులకైతే 10ఎక్స్ లెన్స్, యూవీ టార్చ్ తీసుకెళ్లండి. టీ206లు 1909–11 నాటివి. కింద ఆటగాడి పేరు గోధుమ రంగు సిరాతో ఉంటుంది, లెన్స్‌లో ఆ అక్షరాలు నిండుగా కనపడాలి. అక్షరాలే చుక్కలు చుక్కలుగా విడిపోతే అది రీప్రింట్. బొమ్మలో చుక్కలుంటే కంగారు పడొద్దు, అసలు వాటిలోనూ ఉంటాయి. యూవీ కింద కాగితం నీలంగా మెరిస్తే వదిలెయ్యండి, ఆ తెల్లదనం ఇచ్చే రసాయనాలు కాగితంలోకి వచ్చింది రెండో ప్రపంచయుద్ధం తర్వాతే.

వైజాగ్_రిటర్న్
నా మాట వింటే సంతకాల జోలికే పోవద్దు, కార్డులు కొనుక్కో. టీ206ల్లోనే ఆటగాడు హోనస్ వాగ్నర్ కార్డు ఒకటి 2022లో 72.5 లక్షల డాలర్లకు పోయింది, అది మనకెందుకు? పెద్దగా పేరు లేని ఆటగాళ్లవి, మూలలు అరిగినవి వంద డాలర్ల లోపే దొరుకుతాయి, వందేళ్లు దాటిన వస్తువు చేతిలో ఉంటుంది. నావన్నీ ఇక్కడికి, వైజాగ్‌కి తెచ్చుకున్నా. సముద్రపు గాలికి కాగితం వంకర పోతుంది, అందుకని గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ వేసి పెడతా, ఎండ తగలనివ్వను.

ఎడిసన్_కుర్రాడు
వెళ్లొచ్చా. బంతిని కిటికీ దగ్గర కాస్త వాల్చి చూస్తే, సగం చెరిగిపోయినా "క్రోనిన్" స్పష్టంగా చదవొచ్చు. అక్కడే పెట్టేశా. కార్డులు యూవీ కింద మెరవలేదు, అక్షరాలూ నిండుగానే ఉన్నాయి, వెనక స్వీట్ కాపొరల్ సిగరెట్ల ప్రకటన. రెండు తీసుకున్నా. ఒకదాని వెనక జిగురు మరక ఉంది, అంచులు కూడా ఎగుడుదిగుడు. బాగుచేయించనా?

పాతకార్డుల_పిచ్చి
వద్దు, వద్దు! ఆల్బమ్‌లో అతికించి ఉంటారు, ఆ జిగురు దాని చరిత్రే. అంచులు అస్సలు కోయించకు. ఒకప్పుడు ఐస్ హాకీ స్టార్ వేన్ గ్రెట్స్‌కీ దగ్గరున్న వాగ్నర్ కార్డు అంచులు తనే కత్తిరించానని కార్డుల వేలం వ్యాపారి బిల్ మాస్ట్రో 2013లో ఒప్పుకున్నాడు, దాని మీద కార్డుల లోకంలో ఇప్పటికీ గొడవే. ప్లాస్టిక్ హోల్డర్‌లో పెట్టి, రెండింటి ఫోటోలు ఇక్కడ పెట్టు, వెనక వైపువి కూడా.