జాస్పర్ పార్కులో సమ్మర్ ఉద్యోగం: పర్మిట్, రూము, ఎలుగుబంట్లు – కొన్ని సందేహాలు

ప్రశ్న (ఎడ్మంటన్ నుంచి ఒక విద్యార్థి)

అందరికీ నమస్కారం. మాది తెనాలి. కెనడాలోని ఎడ్మంటన్‌లో రెండేళ్ల డిప్లొమా, మొదటి ఏడాది అయిపోవస్తోంది. ఏప్రిల్ చివర్లో పరీక్షలు, మళ్ళీ క్లాసులు సెప్టెంబర్‌లోనే. ఈ నాలుగు నెలలూ ఇక్కడ గోడౌన్‌లో డబ్బాలు మోసే బదులు జాస్పర్ నేషనల్ పార్కులో ఏదైనా హోటల్లో చేద్దామని ఉంది. ఒకచోట ఇంటర్వ్యూ కూడా అయింది. హౌస్‌కీపింగ్ పని, రూము వాళ్ళే ఇస్తారట. అడవులన్నా కొండలన్నా ఇష్టమే గానీ, నేను ఎక్కినవాటిలో పెద్దది మంగళగిరి కొండ, అదీ మెట్ల మీదుగా. స్టడీ పర్మిట్ మీద ఫుల్‌టైమ్ చేయొచ్చా? రూము విషయంలో ఏం చూసుకోవాలి? ఎలుగుబంట్లు నిజంగానే ఊళ్ళోకి వస్తాయా? ఈ మూడో సంగతి అమ్మకి ఇంకా చెప్పలేదు.

జవాబు (కాల్గరీ నుంచి)

తమ్ముడూ, ముందు పర్మిట్ సంగతి. టర్మ్ నడుస్తున్నప్పుడు క్యాంపస్ బయట వారానికి 24 గంటలే. 2024 నవంబర్ నుంచి ఇదే లెక్క. కాలేజీ క్యాలెండర్‌లో ఉన్న సెలవుల్లో మాత్రం ఆ పరిమితి లేదు, ఫుల్‌టైమ్ చేసుకోవచ్చు. కానీ సెలవులకు ముందు టర్మ్‌లోనూ, తర్వాతి టర్మ్‌లోనూ నువ్వు ఫుల్‌టైమ్ స్టూడెంట్‌గా ఉండాలి. నీకు ఇంకో ఏడాది ఉంది కాబట్టి ఇబ్బంది లేదు. మే నుంచి ఆగస్టు దాకా నీ ప్రోగ్రామ్‌కి సెలవులని కాలేజీ దగ్గర ఒక లెటర్ తీసుకుని దాచుకో. ఎవరూ అడగకపోవచ్చు, అడిగిన రోజున మాత్రం పరుగులు పెట్టాల్సిన పని ఉండదు. ఇక్కడ పని చేయడానికి కావాల్సిన సిన్ (సోషల్ ఇన్సూరెన్స్) నంబరు మనలాంటివాళ్ళకి 9తో మొదలవుతుంది, పర్మిట్‌తో పాటే దాని గడువూ తీరుతుంది. ఆ తేదీ సెప్టెంబర్ దాటి ఉందో లేదో ఇప్పుడే చూసుకో.

జవాబు (జాస్పర్‌లో పని చేసిన ఒక అక్క)

నేను 2023లో అక్కడ హౌస్‌కీపింగే చేశాను. నీ మూడు ప్రశ్నల్లో అసలైనది రెండోది. ఎలుగుబంటి కంటే రూమే ఎక్కువ టెన్షన్ పెట్టింది నన్ను.

జాస్పర్ చిన్న ఊరు. పైగా నేషనల్ పార్కు లోపల ఉంది కాబట్టి ఇష్టమొచ్చినట్టు ఇళ్ళు కట్టడానికి లేదు. మా రోజుల్లోనే అద్దెకు గది దొరికేది కాదు. 2024 జులై 22 రాత్రి కార్చిచ్చు వస్తోందని ఊరంతా ఖాళీ చేయించారు. 24న మంట ఊళ్ళోకే వచ్చింది. మూడో వంతు కట్టడాలు బూడిదయ్యాయి, వాటిలో ఎక్కువ ఇళ్ళే. అందుకని ముందు ఉద్యోగంలో చేరదాం, రూము తర్వాత చూసుకుందాం అనే మాటే పెట్టుకోకు.

నాకు ఫోన్లో "షేర్డ్ రూము" అన్నారు. ఇద్దరం ఉంటాం కాబోలు అనుకున్నాను. తలుపు తీస్తే రెండు బంకు మంచాలు, నలుగురు అమ్మాయిలం, నడుము ఎత్తు ఫ్రిజ్ ఒకటి. వంటగది లేదు. స్టాఫ్ క్యాంటీన్‌లో తినాలి, తిన్నా తినకపోయినా జీతంలో కోత. ఇదంతా సంతకం పెట్టిన కాగితంలో ఉంది, నేనే చదవలేదు. నువ్వు ఈమెయిల్‌లో అడుగు, జవాబు కూడా ఈమెయిల్‌లోనే తెప్పించుకో. గదికి ఎందరు, రోజుకు అద్దె ఎంత, భోజనం కోత తప్పనిసరా, స్టవ్ ఉందా, పని మానేస్తే ఎన్ని రోజుల్లో గది ఖాళీ చేయాలి. చివరిది ముఖ్యం. ఉద్యోగం పోయిన రోజే గూడూ పోతే సామాను పట్టుకుని బస్టాండులో కూర్చోవాలి. మా పక్క గది అబ్బాయికి అదే జరిగింది.

వంటగది లేదన్నాను కదా. ఒక ఆదివారం కామన్ రూములో కరెంటు పొయ్యి పెట్టి పప్పులోకి పోపు వేశాను. ఎండుమిరపకాయలు ఇలా నూనెలో పడ్డాయో లేదో, ఫైర్ అలారం మొదలు. చెప్పుల్లేకుండా కొందరు, తడి జుట్టుతో కొందరు, మొత్తం బిల్డింగ్ అంతా బయట నిలబడ్డాం. ఆ తర్వాత నెల్లాళ్ళు పప్పు మొహం చూడలేదు.

పని కష్టమే. రోజుకు 13, 14 గదులు పడేవి. మొదటి రెండు వారాలూ మణికట్లు లాగేస్తాయి, తర్వాత అలవాటవుతుంది. జాస్పర్ ఉన్న అల్బర్టా ప్రావిన్స్‌లో కనీస వేతనం 2018లో గంటకు 15 డాలర్లయింది, నాకూ దాదాపు అంతే ఇచ్చారు. రోజుకు 8 గంటలు గానీ వారానికి 44 గంటలు గానీ దాటితే ఒకటిన్నర రెట్లు రావాలి. గంటలు నీ డైరీలో నువ్వే రాసుకో. సెలవుల కింద ఇచ్చే వెకేషన్ పే, జీతంలో 4 శాతం, చివరి జీతంలో కలిపారో లేదో కూడా చూసుకో. ఇంకో మాట, ఆగస్టు చివర్లో వెళ్ళిపోతావని ఇప్పుడే చెప్పేయి. అక్కడ సీజన్ అక్టోబర్ దాకా లాగుతుంది, చివరిదాకా ఉంటావనుకుని తీసుకుంటే తర్వాత మనస్పర్థలు.

వారానికి రెండు సెలవులు వరుసగా ఇవ్వమని మొదటి రోజే అడుగు. విడివిడిగా ఇస్తే బట్టలు ఉతుక్కోవడానికీ నిద్రకీ సరిపోతాయి. ఆ రెండు రోజుల కోసమే కదా అంత దూరం వెళ్ళేది.

జవాబు (బ్రాంప్టన్ నుంచి)

ఏమీ అనుకోకు బ్రో, లెక్క చెప్తాను. గోడౌన్‌లో నైట్ షిఫ్ట్ చేస్తే ఇంతకంటే ఎక్కువే మిగులుతుంది. సెప్టెంబర్‌లో ఫీజు కట్టాలి కదా. కొండలు ఎక్కడికీ పోవు.

జవాబు (అదే అక్క)

అన్నా, మీరన్నది నిజమే. అద్దె, భోజనం కోతలు పోగా నాకు పెద్దగా మిగల్లేదు. ఫీజుకి అప్పు చేయాల్సిన పరిస్థితి ఉంటే గోడౌన్‌కే వెళ్ళు తమ్ముడూ. ఫీజు సర్దుబాటయితే మాత్రం జాస్పర్‌కి వెళ్ళు.

ఇక ఎలుగుబంట్లు. నల్లవీ ఉన్నాయి, గ్రిజ్లీలనే పెద్ద గోధుమరంగువీ ఉన్నాయి. ఊరి అంచుల దాకా వస్తాయి, అప్పుడప్పుడు లోపలికీ. కానీ ఊళ్ళో నన్ను నిజంగా భయపెట్టింది ఎల్క్. మన కణుజులాంటి జంతువే, ఇంకాస్త భారీ. జూన్ మొదటి వారం, పొద్దున్నే ఆరున్నరకి డ్యూటీకి పోతూ లాండ్రీ వెనక సందులోకి తిరిగాను. చెత్తకుండీ పక్కన ఆడ ఎల్క్. కొమ్ములు లేవు కదా, ఆవులాంటిదేలే అని ఇంకో రెండడుగులు వేశాను. చెవులు వెనక్కి అణిచి, తల పైకెత్తి, పళ్ళు కొరికిన చప్పుడు చేసింది. అప్పుడు కనిపించింది, గడ్డిలో మచ్చల పిల్ల. మే మధ్య నుంచి జూన్ ఆఖరు దాకా అవి పిల్లల్ని పెట్టే కాలం. తల్లి ముందు కాళ్ళతో తొక్కేస్తుంది. వెనక్కి వెనక్కి నడిచి, ఊరంతా చుట్టి, పది నిమిషాలు లేటుగా వెళ్ళాను. సూపర్‌వైజర్ ఏమీ అనలేదు, ఆ సీజన్లో అందరూ చెప్పే కారణమే అది.

పార్కు వాళ్ళ నియమం గుర్తుంచుకో. ఎలుగుబంటి, తోడేలు, కూగర్ (కొండ సింహం) అయితే 100 మీటర్ల దూరంలో ఉండాలి. ఎల్క్, జింక, కొండగొర్రె అయితే 30 మీటర్లు. తిండి బయట వదలకూడదు. ఫ్రిజ్‌లో చోటు లేక ఆవకాయ సీసా కిటికీ గట్టు మీద పెట్టి నేను వార్నింగ్ తిన్నాను. జంతువులకు తిండి పెడితే జరిమానా 25,000 డాలర్ల దాకా ఉంటుందని గోడకి అంటించిన కాగితం చూపించారు. అంత ఖరీదైన ఆవకాయ మా అమ్మమ్మ కూడా పెట్టలేదు.

బేర్ స్ప్రే, అంటే ఎలుగుబంటి మీద కొట్టే మిరప ఘాటు స్ప్రే, తప్పకుండా కొనుక్కో. బ్యాగులో కాదు, బెల్టుకి ఉండాలి. సేఫ్టీ క్లిప్ తీయడం రూములోనే పది సార్లు చేత్తో అలవాటు చేసుకో, నొక్కకుండా సుమా. ఎలుగుబంటి నాలుగైదు మీటర్ల దూరంలో ఉన్నప్పుడు కొట్టేది, ముందుగా ఒంటికి పూసుకునేది కాదు. మాతో వచ్చిన ఒకాయన దోమల మందులా చేతులకి పూసుకోబోయాడు! నలుగురు కలిసి, చప్పుడు చేస్తూ నడవండి. మేం అంత్యాక్షరి పాడుకునేవాళ్ళం, నా గొంతుకి ఒక్క ఎలుగూ దగ్గరికి రాలేదు. ఎదురుపడితే మాత్రం పరుగెత్తకు. నిదానంగా మాట్లాడుతూ వెనక్కి తగ్గు.

ప్రశ్న (విద్యార్థి)

థాంక్స్ అక్కా. ట్రెక్కింగ్ అసలు తెలియని నాలాంటివాడు ఎక్కడ మొదలుపెట్టాలి? బూట్లు కొనాలా?

జవాబు (అదే అక్క)

మొదటి వారం ఓల్డ్ ఫోర్ట్ పాయింట్ అనే గుట్ట. ఊరి నుంచి నడిచే వెళ్ళొచ్చు. మెట్లెక్కి పైకి చేరితే అథబాస్కా నదీ, ఊరూ, కాలిన అడవీ అన్నీ కనిపిస్తాయి. జూన్‌లో రాత్రి పది దాకా వెలుగుంటుంది కాబట్టి డ్యూటీ దిగాక కూడా చేయొచ్చు. తర్వాత వ్యాలీ ఆఫ్ ద ఫైవ్ లేక్స్, నాలుగున్నర కిలోమీటర్లు. మూడోదిగా మియెట్ వేడినీటి బుగ్గల దగ్గర సల్ఫర్ స్కైలైన్ ఎక్కు. పోను నాలుగు, రాను నాలుగు కిలోమీటర్లు, ఎక్కుడు 700 మీటర్లు. పైన గాలి నిలబడనివ్వదు, ఎండగా ఉన్నా జాకెట్ ఉండాలి. ఎత్తయిన దారుల్లో జులై దాకా మంచు ఉంటుంది. మంటల తర్వాత కొన్ని దారులు మారాయి కాబట్టి వెళ్ళే రోజు పార్కు వాళ్ళ ట్రెయిల్ రిపోర్ట్ చూడు.

బూట్లు కొను, జీన్స్ మాత్రం వద్దు. తడిస్తే ఆరదు, చలి పట్టేస్తుంది. నీళ్ళ దగ్గర జాగ్రత్త. అథబాస్కా జలపాతం 23 మీటర్లే, చూస్తే ఏముందిలే అనిపిస్తుంది. కానీ తుంపరకి బండ నున్నగా సబ్బులా ఉంటుంది. ఫోటో కోసం కంచె దాటి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు. హిమానీనదాలు కరిగి వచ్చే నీళ్ళు కాబట్టి గడ్డకట్టేంత చల్లగా ఉంటాయి, కృష్ణలో ఈత వచ్చు కదా అనే ధైర్యం అక్కడ పనికిరాదు.

ఒక్క చోటు మాత్రం ఎలాగైనా చూడు: మెడిసిన్ లేక్. వేసవిలో నిండుగా ఉంటుంది, శీతాకాలానికి దాదాపు అడుగు కనిపిస్తుంది. పైన ఎక్కడా నీళ్ళు బయటికి పోయే కాలువ లేదు. అడుగున సున్నపురాతి బొరియల్లోకి దిగి, భూమిలోపలే పారి, ఎక్కడో కింద మలీన్ కాన్యన్ అనే ఇరుకు లోయలో పైకి వస్తాయి. నేను జూన్‌లో ఒకసారి, ఆగస్టు చివర ఒకసారి వెళ్ళాను. మొదటిసారి ఒడ్డున కూర్చున్న రాయి దగ్గర రెండోసారి నీళ్ళే లేవు.

కారులో దక్షిణాన లేక్ లూయీస్ అనే ఊరి వైపు పోతే 232 కిలోమీటర్ల ఆ రోడ్డు మీద చాలా చోట్ల సిగ్నల్ ఉండదు. ఎక్కడికి పోతున్నావో, ఎన్నింటికి వస్తావో రూమ్మేట్‌కి చెప్పి వెళ్ళు.

విద్యార్థి

హోటల్ వాళ్ళ జవాబు వచ్చింది. గదికి ఇద్దరం, భోజనం కోత లేదు, మేనేజర్ రెండు సెలవులు వరుసగా ఇస్తానన్నారు. పని మానేస్తే 72 గంటలు టైమ్. కామన్ కిచెన్ ఉందట. స్టవ్ మీద పొగ లాగే ఫ్యాన్ ఉందా అని కూడా అడిగాను. ఎందుకు అన్నారు. పోపు అంటే ఏంటో ఇంగ్లీషులో ఎలా చెప్పాలో తెలియక, కాస్త ఘాటుగా వండుతానని రాశాను.

జవాబు (అదే అక్క)

బాగా రాశావు. కందిపప్పు, చింతపండు, కారం ఎడ్మంటన్‌లోనే కొని తీసుకెళ్ళు, జాస్పర్‌లో దొరక్కపోవచ్చు. 365 కిలోమీటర్లు, బస్సులో నాలుగు గంటల పైనే. ఆవకాయ మూత గట్టిగా బిగించి, రెండు కవర్లలో చుట్టు.